పాలు ఎలా అరుగుతాయో చూపించిన పావ్‌లోవ్

పొద్దున్నే పిల్లల చేతికి గ్లాసుడు పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం శాండ్‌విచ్‌లో చీజ్ ముక్క. మాంసకృత్తులు ఒంటికి పడతాయనే ఇవన్నీ పెడతాం. అయితే పాలలోని ప్రొటీన్ ఉన్నదున్నట్టుగా రక్తంలోకి వెళ్లదు. అలా పెద్దమొత్తంలో వెళ్తే మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా భావించి దాడికి దిగుతుంది. అందుకే శరీరం దాన్ని ముందు గడ్డకట్టిస్తుంది, తర్వాత పెద్ద ముక్కలు చేస్తుంది, వాటిని చిన్న ముక్కలు చేస్తుంది, చివరికి విడి అమైనో ఆమ్లాలుగా విడదీసి గానీ లోపలికి రానివ్వదు.

ఈ పని ఒక వరుసలో, ఒక అదుపులో జరుగుతుందని బతికున్న ప్రాణిలో స్పష్టంగా చూపించిన వ్యక్తి ఇవాన్ పెట్రోవిచ్ పావ్‌లోవ్. ఆయన పేరు చెప్పగానే గంట మోగితే కుక్క నోట్లో లాలాజలం ఊరిన కథే గుర్తొస్తుంది. స్కూలు పుస్తకాల్లో మనం చదువుకున్నది అదే. కానీ ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది గంట ప్రయోగానికి కాదు. తిన్నది కడుపులో ఎలా అరుగుతుందో కనిపెట్టినందుకు.

గోడ మీంచి పడ్డ కుర్రాడు

పావ్‌లోవ్ 1849 సెప్టెంబరులో రష్యాలోని రియాజాన్ పట్టణంలో పుట్టారు. తండ్రి చర్చిలో మతాచార్యుడు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. ఎనిమిదేళ్ల వయసులో ఎత్తైన చోటి నుంచి రాతి నేల మీద పడ్డారు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. పదకొండేళ్లు వచ్చేదాకా బడి మొహం చూడలేదు. దగ్గర్లోని మఠాధిపతి ఆయనకు జ్ఞానపిత. ఆ పెద్దాయన తన దగ్గర ఉంచుకుని, మంచి తిండి పెట్టి, వ్యాయామం చేయించి, పుస్తకాలు అలవాటు చేశారు. దేహశ్రమ మీద, తోటపని మీద పావ్‌లోవ్‌కు జీవితాంతం ఉన్న ఇష్టానికి ఆ రోజుల్లోనే బీజం పడింది.

తండ్రి దారిలోనే మతాచార్యుడు కావాలని సెమినరీలో చేర్చారు. అక్కడుండగానే రష్యన్ శరీరధర్మ శాస్త్రవేత్త సెచెనోవ్ మెదడు గురించి రాసిన పుస్తకం ఆయన చేతికొచ్చింది. ఇంగ్లిష్ రచయిత లూయిస్ సామాన్యుల కోసం రాసిన శరీరధర్మ శాస్త్రం కూడా చదివారు. అందులో జీర్ణవ్యవస్థ బొమ్మ ఒకటుంది. ఇంత చిక్కటి యంత్రాంగం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న ఆ కుర్రాణ్ని పట్టుకుని వదల్లేదు. 1870లో సెమినరీ మానేసి సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరిపోయారు.

అక్కడ ఆయనకు దొరికిన గురువు ఇల్యా త్సియోన్. శస్త్రచికిత్సలో దిట్ట. పావ్‌లోవ్‌ది ఎడమచేతి వాటం. గురువు దగ్గర రెండు చేతులతోనూ కత్తి పట్టడం సాధన చేశారు. పక్కన నిలబడి చూసేవాళ్లకు ఆపరేషన్ మొదలైందని తెలిసేలోపే ముగించేసేవారని పేరు. ఆ చేతివాటమే తర్వాత ఆయన పరిశోధన మొత్తానికి ఆధారమైంది.

చేతిలో డబ్బులేని డాక్టరు

1881లో సెరఫీమా కర్చేవ్‌స్కయాను పెళ్లి చేసుకున్నారు. టీచరు కావాలని చదువుకున్న అమ్మాయి. మొదటి సంవత్సరాలు చాలా కష్టంగా గడిచాయి. మొదటి గర్భం నిలవలేదు. తర్వాత పుట్టిన మగబిడ్డ పసితనంలోనే చనిపోయాడు. అద్దె కట్టలేక ఒక్కోసారి భార్య బంధువుల ఇంట్లో, భర్త స్నేహితుల దగ్గర ఉండాల్సి వచ్చింది.

ఆ ఇబ్బంది చూడలేక విద్యార్థులు తమకు పాఠాలు చెప్పమన్న నెపంతో కొంత సొమ్ము పోగుచేసి ఇచ్చారు. ఆయన దాన్ని పాఠాలకు కావాల్సిన జంతువుల మీదే ఖర్చు పెట్టేశారు. ఇంటికి ఏమీ మిగల్లేదు. ఇలాంటి మనిషితో కాపురం చేయడం సెరఫీమాకు ఎంత కష్టమై ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ఇంటి భారం మొత్తం ఆవిడే తన మీద వేసుకున్నారు. బజారు పని, పిల్లల పెంపకం, డబ్బు లెక్కలు ఏవీ ఆయన దాకా రానివ్వలేదు.

1883లో గుండె నాడుల మీద డాక్టరేట్ సాధించారు. తర్వాత రెండేళ్లు జర్మనీలో హైడెన్‌హైన్, లుడ్విగ్ వంటి పేరున్న పరిశోధకుల దగ్గర పనిచేసి వచ్చారు. నలభయ్యేళ్లు దాటాక, 1890లో సైనిక వైద్య అకాడమీలో ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడాదే కొత్తగా పెట్టిన ప్రయోగాత్మక వైద్య సంస్థలో శరీరధర్మ విభాగం ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాత గానీ ఇల్లు ఒక దరికి చేరలేదు.

కడుపుకు కిటికీ

అప్పటిదాకా జీర్ణక్రియ గురించి తెలిసింది తక్కువ. అమెరికాలో తుపాకీ దెబ్బకు కడుపులో రంధ్రం పడి, అది పూడకుండానే బతికిన ఒక యువకుణ్ని బోమాంట్ అనే డాక్టరు ఏళ్ల తరబడి పరిశీలించి 1833లో పుస్తకం వేశాడు. 1842లో బాసోవ్ అనే రష్యన్ వైద్యుడు కుక్క కడుపుకు గొట్టం అమర్చి చూపాడు. మిగతావాళ్లు ఎక్కువగా మత్తులో ఉన్న జంతువును కోసి, చూసి, అది చచ్చిపోతుండగా కొలతలు తీసుకునేవారు.

పావ్‌లోవ్‌కు ఈ పద్ధతి తప్పనిపించింది. నొప్పితో, మత్తుతో, భయంతో ఉన్న శరీరం మామూలుగా పనిచేయదు. జీర్ణక్రియ తెలియాలంటే గాయం మానాలి, జంతువు లేచి తిరగాలి, ఆకలేసి తినాలి. అప్పుడు కడుపులో ఏం జరుగుతుందో చూడాలి. అందుకే తన ప్రయోగశాలలో కుక్కల కోసం అచ్చం ఆసుపత్రి లాంటి ఆపరేషన్ గది కట్టించారు. పరికరాలు శుభ్రం చేసే గది వేరు, ఆపరేషన్ తర్వాత కోలుకునే గదులు వేరు. ఆ రోజుల్లో చాలామంది మనుషులకు కూడా అంత శుభ్రమైన శస్త్రచికిత్స అందేది కాదు. ప్రయోగశాల విస్తరణకు 1893లో పదివేల రూబుళ్ల విరాళం ఇచ్చింది ఆల్‌ఫ్రెడ్ నోబెల్. ఆయన పేరుతో పెట్టిన బహుమతే పదకొండేళ్ల తర్వాత పావ్‌లోవ్‌ను వెతుక్కుంటూ వచ్చింది.

నోటికి చేరింది, కడుపుకు చేరలేదు

1889లో సహచర డాక్టరు షుమోవా సిమనోవ్‌స్కయాతో కలిసి చేసిన ప్రయోగం ఆయన పేరు నలుగురికీ తెలిసేలా చేసింది. కుక్క ఆహారనాళాన్ని మెడ దగ్గర రెండుగా చేసి, రెండు కొసలనూ బయటికి తెచ్చారు. కడుపుకు ఒక గొట్టం అమర్చారు. గాయం మానాక ఆ కుక్క ఎంత తిన్నా మింగిన ముద్ద మెడలోంచి కిందపడుతుంది. కడుపులోకి మెతుకు కూడా వెళ్లదు. అయినా అయిదారు నిమిషాల్లో కడుపు గొట్టంలోంచి స్వచ్ఛమైన జఠరరసం ధారగా కారడం మొదలైంది.

అంటే ఆహారం కడుపును తాకకముందే కడుపు సిద్ధమవుతోంది. కంటికి కనపడిన పళ్లెం, ముక్కుకు తగిలిన వాసన, నాలుకకు తెలిసిన రుచి మెదడుకు చేరతాయి. అక్కడి నుంచి వేగస్ అనే నాడి ద్వారా కడుపుకు కబురు వెళ్తుంది. ఆ నాడిని కోసేస్తే కుక్క ఎంత ఆబగా తిన్నా రసం ఊరలేదు. ఆకలి అనేది మనసుకు సంబంధించింది మాత్రమే కాదని, కడుపులో మొదటి విడత రసాన్ని ఊరించేది అదేనని దీంతో తేలింది. ఇష్టంగా తిన్నది బాగా అరుగుతుందని మన పెద్దవాళ్లు అనే మాటకు ప్రయోగశాలలో దొరికిన రుజువు ఇది.

ఈ రసాన్ని వడకట్టి, సీసాల్లో నింపి అజీర్తి రోగులకు మందుగా కూడా అమ్మారు. ఏడాదికి వేల సీసాలు పోయేవి. ప్రయోగశాల ఖర్చుల్లో మంచి భాగం ఆ అమ్మకాలతోనే గడిచింది.

రొట్టెకు ఒక రసం, పాలకు ఒక రసం

తర్వాత ఇంకా కష్టమైన పని తలకెత్తుకున్నారు. నిజంగా ఆహారం కడుపులోకి వెళ్లినప్పుడు ఊరే రసాన్ని స్వచ్ఛంగా పట్టుకోవాలి. అందుకు కడుపులో ఒక మూలను వేరుచేసి చిన్న సంచీలా కుట్టి, దాని మూతిని పొట్ట బయటికి తెరిచారు. పెద్ద కడుపులో ఆహారం ఉంటుంది, చిన్న సంచీలో వట్టి రసం ఊరుతుంది. జర్మనీలో హైడెన్‌హైన్ అప్పటికే ఇలాంటి సంచీ చేశారు గానీ, అందులో వేగస్ నాడి తెగిపోయేది. ఆ నాడి తెగకుండా కుట్టడమే పావ్‌లోవ్ గొప్పతనం. ఎన్నో కుక్కలు చనిపోయాక, 1894లో ద్రుజోక్ అనే కుక్కలో ఆపరేషన్ ఫలించింది. రష్యన్ భాషలో ఆ పేరుకు చిట్టి నేస్తం అని అర్థం.

ద్రుజోక్‌కు ఒకరోజు మాంసం, ఒకరోజు రొట్టె, ఒకరోజు పాలు పెట్టి గంటగంటకూ రసం కొలిచారు. మూడింటికీ మూడు తీరులు. మాంసానికి ఊరిన రసంలో ఆమ్లం ఎక్కువ. రొట్టెకు ఊరిన దానిలో ప్రొటీన్‌ను విరిచే శక్తి ఎక్కువ. పాలకు ఊరిన రసం అన్నిటికంటే తేలిక. అంటే పాలను అరిగించుకోవడానికి కడుపు పడే శ్రమ తక్కువ. జబ్బు నుంచి లేచినవాళ్లకు డాక్టర్లు పాలు పట్టించే అలవాటుకు ఇందులో కారణం దొరికిందని ఆయన భావించారు. కొవ్వు పదార్థాలు కడుపులో రసం ఊరడాన్ని తగ్గిస్తాయని కూడా గమనించారు. ఒక్కో ఆహారానికి అంత కచ్చితంగా ఒక్కో రసం ఊరుతుందన్న ఆయన లెక్కను తర్వాతి పరిశోధకులు కొంత సడలించారు. అయితే వచ్చిన ఆహారాన్ని బట్టి కడుపు తన పనితీరు మార్చుకుంటుందన్న మూలసూత్రం నిలిచింది.

కడుపులో పాలు విరగడం మంచిదే

పాలలోని ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్, మిగతా 20 శాతం వే ప్రొటీన్. కేసీన్ సన్నటి రేణువులుగా పాలలో తేలుతూ ఉంటుంది. పాలకు తెల్లదనం ఇచ్చే వాటిలో ఇదీ ఒకటి. ఆ రేణువుల పైన సన్నటి వెంట్రుకల్లాంటి పొర ఉంటుంది. అదే వాటిని ఒకదానికొకటి అంటుకోకుండా దూరంగా ఉంచుతుంది. కడుపులోని పెప్సిన్ అనే ఎంజైమ్ ఆ పొరను కత్తిరిస్తుంది. ఆమ్లం తోడవుతుంది. రేణువులన్నీ కలిసిపోయి పాలు గడ్డకడతాయి.

లేగదూడ కడుపులో ఈ పని చేయడానికి కైమోసిన్ అనే ప్రత్యేక ఎంజైమ్ ఉంది. దాన్నే రెనెట్ పేరుతో చీజ్ తయారీకి వాడుతూ వచ్చారు. ఇప్పుడు చాలాచోట్ల సూక్ష్మజీవుల సాయంతో తయారుచేసినది వాడుతున్నారు. పాలను గడ్డకట్టించే ఎంజైమ్, ప్రొటీన్‌ను కోసే ఎంజైమ్ రెండూ ఒకటేనని పావ్‌లోవ్ 1904లో తన సహచరుడితో కలిసి వాదించారు. దూడల విషయంలో అది సరికాదని, అవి రెండు వేర్వేరు ఎంజైమ్‌లని తర్వాత తేలింది. కానీ మన కడుపులో మాత్రం రెండు పనులూ ప్రధానంగా పెప్సినే చేస్తుంది.

పాలు తాగిన కాసేపటికి పసిబిడ్డ కక్కితే, అందులో పెరుగు తరకల్లాంటి ముక్కలు కనిపిస్తాయి. పాలు పడలేదని, లోపల విరిగిపోయాయని తల్లులు బెంగపడతారు. నిజానికి అది అరుగుదల మొదలైందనడానికి గుర్తు. గడ్డకట్టకపోతే పాలు నీళ్లలా జారిపోయేవి. గడ్డకట్టడం వల్ల కేసీన్ కడుపులో ఆగి, గంటల తరబడి కొద్దికొద్దిగా పేగుల్లోకి దిగుతుంది. వే ప్రొటీన్ మాత్రం ద్రవంగానే ఉండి త్వరగా దాటిపోతుంది. పాలు తాగితే చాలాసేపు కడుపు నిండినట్టు ఉండటానికి ఇదొక కారణం.

గోడ పెచ్చులు ఊడబీకిన కుక్క

కడుపు దాటాక అసలు కోత చిన్నపేగులో మొదలవుతుంది. అక్కడికి రసం పంపేది క్లోమగ్రంథి. దాని నాళాన్ని పొట్ట బయటికి తెరిచిన కుక్కలకు ఒక పెద్ద ఇబ్బంది వచ్చింది. కారుతున్న రసం వాటి చర్మాన్నే తినేసేది. పుండ్లు పడి బాధపడేవి. వాటిలో ఒక కుక్కను రాత్రి కట్టేసి వెళ్తే, తెల్లారేసరికి గోడ సున్నం పెచ్చులు ఊడబీకి కుప్పగా వేసుకుని దాని మీద పడుకుని ఉంది. వేరే చోట కట్టేస్తే అక్కడా అదే పని. పరిశీలిస్తే, ఆ పొడి కారే రసాన్ని పీల్చుకోవడంతో దాని పుండ్లు మానుతున్నాయి. అప్పటి నుంచి అలాంటి కుక్కలకు ఇసుక పరుపు ఏర్పాటు చేశారు. ఈ సంగతిని పావ్‌లోవ్ దాచుకోలేదు. కుక్క చేసిన మేలుగా తన పుస్తకంలో రాసుకున్నారు.

అసలు వింత ఇంకొకటి. నాళంలోంచి నేరుగా పట్టిన క్లోమరసం ప్రొటీన్‌ను కోయలేకపోయింది. అదే రసానికి పేగులో ఊరే రసం కాస్త కలిపితే చాలు, చకచకా కోసేసింది. 1899లో ఆయన ప్రయోగశాలలో షెపవాల్నికవ్ బయటపెట్టిన ఈ విషయం జీర్ణశాస్త్రంలో పెద్ద మలుపు. క్లోమం తన ఎంజైమ్‌ను నిద్రాణంగా పంపుతుంది. పేగు గోడలో ఉండే ఎంటెరోకైనేజ్ దాన్ని నిద్రలేపుతుంది. ఇలా లేచినదే ట్రిప్సిన్.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ప్రొటీన్‌ను కోసే కత్తికి తన ఇల్లు, పరాయి ఇల్లు అన్న తేడా తెలియదు. క్లోమం కూడా ప్రొటీన్‌తో కట్టిందే. ఎంజైమ్ అక్కడే మేల్కొంటే క్లోమం తనను తానే అరిగించుకుంటుంది. పిత్తాశయ రాళ్లు, మితిమీరిన మద్యం వల్ల వచ్చే పాంక్రియాటైటిస్‌లో జరిగేది సరిగ్గా అదే. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ముక్కలు రక్తంలోకి ఎలా వెళ్తాయి?

ఇక్కడి నుంచి కథను మిగతావాళ్లు ముందుకు నడిపారు. ప్రొటీన్ ముక్కల్ని పెప్టైడ్లు అంటారు. 1901లో జర్మనీలో ఒట్టో కోన్‌హైమ్, ఈ ముక్కల్ని అమైనో ఆమ్లాలుగా విడగొట్టే ఎంజైమ్ పేగు గోడలోనే ఉందని చూపించారు. ఆ తర్వాత చాలాకాలం, విడి అమైనో ఆమ్లాలే లోపలికి వెళ్తాయని అనుకున్నారు. రెండు, మూడు అమైనో ఆమ్లాలు కలిసున్న చిన్న ముక్కలు కూడా పేగు కణాల్లోకి నేరుగా వెళ్తాయని ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో రుజువైంది. వాటిని మోసుకెళ్లే ప్రత్యేక ద్వారం పేగు కణాల మీద ఉంది. లోపలికి చేరాక కణంలోని ఎంజైమ్‌లు వాటిలో ఎక్కువ భాగాన్ని విడగొట్టేస్తాయి. చివరికి అమైనో ఆమ్లాలుగా కాలేయం వైపు రక్తంలో సాగుతాయి. అక్కడి నుంచి కండరం, చర్మం, హార్మోన్లు, ఏది కావాలంటే దానికి ఇటుకలవుతాయి.

చీజ్ విషయంలో సగం కోత ఇంటికి రాకముందే జరిగిపోతుంది. నెలల తరబడి మాగబెట్టిన చీజ్‌లో రెనెట్, బ్యాక్టీరియా ఎంజైమ్‌లు కలిసి కేసీన్‌ను ముక్కలు చేస్తూనే ఉంటాయి. పాత చీజ్‌కు వచ్చే ఘాటైన రుచిలో ఆ ముక్కల పాత్ర ఎంతో ఉంది. నిమ్మరసంతో విరగ్గొట్టి వెంటనే వాడే పనీర్‌లో అలాంటి కోత జరగదు. తిన్నాక రెండింటి దారీ ఒకటే.

ఈ ముక్కల్లో అతికొద్ది భాగం మాత్రం తెగకుండా రక్తంలో కనిపిస్తుంది. పాలు, పెరుగు తీసుకున్న వ్యక్తుల రక్తంలో కేసీన్ ముక్కలు ఉన్నట్టు 1998లో ఫ్రాన్స్ పరిశోధకులు గుర్తించారు. పులిసిన పాలల్లో, మాగిన చీజ్‌లో దొరికే రెండు చిన్న ముక్కలకు రక్తపోటును కొద్దిగా తగ్గించే గుణం ఉందేమోనని కూడా పరిశోధనలు జరిగాయి. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. పైగా చీజ్‌లో ఉప్పు ఎక్కువ. అందుకని బీపీ మాత్ర మానేసి చీజ్ తినడం తెలివైన పని కాదు.

కేసీన్ నుంచి వచ్చే బీటా కేసోమార్ఫిన్ అనే ముక్క గురించి వాట్సాప్‌లో భయపెట్టే సందేశాలు తిరుగుతుంటాయి. ఇది మత్తుమందులా పనిచేస్తుందని, చీజ్‌కు బానిసలవుతారని వాటి సారాంశం. పరీక్షనాళికలో ఈ ముక్క మత్తుమందుల గ్రాహకాలకు అంటుకునే మాట నిజం. 1979లోనే అది తెలిసింది. కానీ పేగులో పుట్టిన ఆ ముక్క తెగకుండా రక్తంలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరాలంటే ఇంతవరకు చెప్పుకున్న కోతలన్నీ తప్పించుకోవాలి. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, దీనికీ జబ్బులకూ మధ్య కారణ సంబంధం తేలలేదని నివేదిక ఇచ్చింది. ఏ1, ఏ2 పాల వ్యాపారమంతా ఈ ముక్క చుట్టూనే తిరుగుతోంది. రెట్టింపు ధర పెట్టి కొనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

తప్పు ఒప్పుకున్న గురువు

జీర్ణక్రియను నడిపించేవి నాడులేనని పావ్‌లోవ్ గట్టిగా నమ్మారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ ఆ నమ్మకాన్ని కదిలించారు. నాడులన్నీ తెంచేసినా, పేగులో ఆమ్లం పడగానే ఏదో రసాయనం రక్తంలో కలిసి క్లోమాన్ని ఊరిస్తోందని చూపించారు. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అన్న భావన అలా పుట్టింది. పావ్‌లోవ్ తన ప్రయోగశాలలో అదే పరీక్ష చేయించారు. ఫలితం కళ్లముందు కనపడగానే మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లిపోయారని, కొంతసేపటికి బయటికొచ్చి వాళ్లదే నిజమని, సత్యం కనుక్కునే హక్కు తామొక్కరికే లేదని ఒప్పుకున్నారని శిష్యులు చెప్పుకునేవారు.

రెండేళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. రష్యాకు అదే మొదటి నోబెల్. అప్పటికే ఆయన మనసు వేరే ప్రశ్న మీదికి మళ్లింది. తిండి కనపడకముందే, తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కకు లాలాజలం ఎందుకు ఊరుతోంది? జీర్ణరసాల కొలతలకు అడ్డొస్తున్న చిన్న చికాకులా మొదలైన ఆ ప్రశ్నే ఆయనను మెదడు అధ్యయనం వైపు నడిపించింది. మిగిలిన ముప్పై ఏళ్లు ఆ పనికే వెచ్చించారు.

ఆకలి శాస్త్రవేత్త ఇంటి ఆకలి

1917 విప్లవం తర్వాత నోబెల్ సొమ్ము కూడా పోయింది. అంతర్యుద్ధం రోజుల్లో పెట్రోగ్రాడ్‌లో తిండి లేదు, కట్టెలు లేవు, కరెంటు లేదు. ప్రయోగశాలలో కుక్కలు ఆకలితో చనిపోయాయి. ఆకలి గురించి ప్రపంచానికి పాఠం చెప్పిన డెబ్బయ్యేళ్ల మనిషి సంస్థ ఆవరణలో దొరికిన చిన్న మడిలో కూరగాయలు పండించుకుని, చలికి వణుకుతూ పనిచేశారు. దేశం వదిలి వెళ్లాలని కూడా ఆలోచించారు. 1921 జనవరిలో లెనిన్ సంతకంతో ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. ఆయన పనికి కావాల్సినవన్నీ ఇవ్వాలని, కుటుంబానికి ప్రత్యేక రేషన్ ఇవ్వాలని దాని సారం. తన సహచరులకు లేని అదనపు తిండి తనకు వద్దని ఆయన అభ్యంతరం చెప్పారు. కొత్త ప్రభుత్వం తప్పులనుకున్నవాటిని ఆ తర్వాత కూడా బాహాటంగానే విమర్శించారు.

1927లో పిత్తాశయ రాళ్లకు ఆపరేషన్ చేయించుకున్నారు. కోలుకుని మళ్లీ ప్రయోగశాలకు వచ్చారు. 1935లో లెనిన్‌గ్రాడ్‌లో జరిగిన ప్రపంచ శరీరధర్మ శాస్త్రవేత్తల మహాసభకు ఆయనే అధ్యక్షుడు. అదే ఏడాది ఆయన కోరిక మేరకు సంస్థ ఆవరణలో కుక్కకు ఒక స్మారకం కట్టారు. ఆ రోజుల్లో చేసిన కొన్ని ప్రయోగాలకు ఈరోజు ఏ నైతిక కమిటీ కూడా అనుమతివ్వదు. ఆ జంతువుల బాధ లేకుండా ఈ జ్ఞానం రాలేదన్న సంగతి ఆయన మరచిపోలేదు, మనం కూడా మరచిపోకూడదు. 1936 ఫిబ్రవరి 27న న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 86.

మన వంటింటికి పనికొచ్చే మాటలు

పావ్‌లోవ్ బతుకంతా చేసిన పనిలోంచి ఇంటికి తెచ్చుకోదగినవి కొన్ని ఉన్నాయి.

అరుగుదల పళ్లెం చూడగానే మొదలవుతుంది. ఏడుస్తున్న పిల్లాడి ముక్కు మూసి పాలు పోస్తే, టీవీ చూపిస్తూ ముద్దలు కుక్కితే ఆ మొదటి విడత రసానికి గండి కొట్టినట్టే. ఆకలయ్యేదాకా ఆగండి. అన్నం వాసన తగలనివ్వండి. అందరూ కలిసి కూర్చుని తినండి.

పాలు, పెరుగు, పనీర్, చీజ్ ఏదైనా ప్రొటీన్ అరిగే దారి ఒకటే. వంద గ్రాముల చీజ్‌లో సుమారు 25 గ్రాములు, వంద మిల్లీలీటర్ల పాలలో మూడు గ్రాములకు కాస్త ఎక్కువ ప్రొటీన్ ఉంటుంది. చీజ్‌లో ఉప్పు, కొవ్వు కూడా ఆ లెక్కనే ఎక్కువ. పిల్లలకు రోజూ పాలు, పెరుగు, అప్పుడప్పుడు చీజ్ అన్నది సరైన వరుస.

పాలు పడకపోవడం రెండు రకాలు. పాలలోని చక్కెర అరగక ఉబ్బరం, విరేచనాలు కావడం ఒకటి. వీళ్లకు పెరుగు, బాగా మాగిన చీజ్ సాధారణంగా పడతాయి. పాల ప్రొటీన్‌కు అలర్జీ రావడం రెండోది. ఇది ఎక్కువగా పసిపిల్లల్లో కనిపిస్తుంది. పాలు తాగాక దద్దుర్లు, పదే పదే వాంతులు, మలంలో రక్తం, బరువు పెరగకపోవడం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించాలి. లాక్టోజ్ లేని పాలు గానీ, ఏ2 పాలు గానీ ప్రొటీన్ అలర్జీకి మందు కావు. ముఖం, పెదవులు వాచి ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాల బదులు ఆవుపాలు, గేదెపాలు పట్టకూడదు.

ఆరోగ్యవంతుడి పేగులు ప్రొటీన్‌ను కోసి, వడకట్టి, కావాల్సినంత తీసుకునే పని ఎవరూ చెప్పకుండానే చేసుకుపోతాయి. వాటికి ఖరీదైన పొడులు, ప్రత్యేక పాలు అక్కర్లేదు. వేళకు ఆకలి, ఆకలికి తగ్గ తిండి, తినేటప్పుడు కాస్త ప్రశాంతత ఉంటే చాలు.